వీపు మీద మంచు

సోమవారం

ఈ ఉదయం తాండ్ర వీపు మీద మంచు లేదు.

మిగతా ఇరవై రెండింటి మీదా ఉంది. రాత్రి జానెడు మందాన కురిసింది. రాతిగోడ వెనక జడలబర్రెలు పడుకున్న చోటల్లా తెల్లటి దిబ్బలు, ఆ దిబ్బలకి కొమ్ములు. తాండ్ర ఒక్కతే నల్లగా, తడిగా నిలబడి ఉంది. వీపు మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

తెలియనివాళ్ళు చూస్తే దానికే వెచ్చగా ఉందనుకుంటారు. జడలబర్రెకి వేడి లోపలే ఉండాలి. మంచు కరిగిందంటే లోపలి వేడి బయటికి కారిపోతోందని అర్థం. మంచుని కరగనీయకుండా మోస్తున్న గొడ్డే బాగున్న గొడ్డు.

చేతితొడుగు తీసి దాని జడల్లోకి వేళ్ళు దూర్చాను. రెండో కణుపు దాకా వెళ్ళాక చర్మం తగలాలి, అక్కడ పొడిగా ఉండాలి. తాండ్రకి మొదటి కణుపు దగ్గరే తగిలింది. జడలు అణిగిపోయి ఉన్నాయి.

పలక తీసి చూశాను. పెరటి మధ్యలో ఉన్న చూపుగడ తెల్లవారగానే ఒకసారి మందంతా కలియజూసి, ఏ గొడ్డు ఎంత వేడి పోగొట్టుకుంటోందో రంగుల్లో పంపుతుంది. ఇరవై రెండు నీలం, ఒకటి ఎరుపు. అదే బొమ్మ దిగువనున్న పశువైద్య కేంద్రానికీ వెళుతుంది. గడకి కనిపించనివి మీరు మీ మాటల్లో రాయండని కేంద్రం వాళ్ళు కాపరులకి చెప్పారు. ఈ ఏడే కాపరి పనిలో చేరాను. నాకు మాట్లాడటం కంటే రాయడం సులువు కాబట్టి ఈ భాగం ఇష్టమే.

తొట్టిలో గడ్డకట్టిన నీళ్ళు పగలగొట్టాను. తొట్టిలోని వెచ్చతీగ మళ్ళీ చచ్చింది. మధ్యాహ్నం ఎండలో కొండ పై మెట్టుకి వెళ్ళి గడ్డి దింపాను. తాండ్రకి ఓ చేరెడు ఎక్కువ వేశాను. అది కడుపుతో ఉంది.

బుధవారం

తాండ్రతో పాటు జీడి, కొబ్బరి. మూడు వీపులు నల్లగా ఉన్నాయి.

ఈ పేర్లు నేను పెట్టినవి కావు. లంకల మీదికి సముద్రం వచ్చేసినప్పుడు మావాళ్ళు ఎగువకి, ఇంకా ఎగువకి నడిచి వచ్చి ఈ కొండ మూడో మెట్టు మీద ఆగారు. ఇక్కడ కొబ్బరి మొలవదు. దిగువనున్న కొండవాళ్ళు దయతలచి గొడ్లనిస్తే, వాటికి, తమకి ఇక్కడ తినడానికి దొరకనివాటి పేర్లు పెట్టుకున్నారు. జున్ను, బెల్లం, పూతరేకు. పూతరేకు తెల్లది.

నీళ్ళ దగ్గర సూరిబాబు మావయ్య ఎదురయ్యాడు. మూడో మెట్టు పెద్ద ఆయనే. తిండిగింజల కొట్టు తాళాలు ఆయన మొలతాడుకే ఉంటాయి.

"ఏమ్మా హైమా, ఎన్ని?"

"మూడు మావయ్యా."

"ఆయ్. గజ్జేనంటావా?"

"గజ్జయితే గోడకి రుద్దుకోవాలి. ఒక్కటీ రుద్దుకోవడం లేదు. పొక్కులు లేవు."

"మరేంటంటావ్?"

"తెలీదు."

"అంత చదువు చదివి తెలీదంటే ఎలాగమ్మా?"

"తెలీనప్పుడు తెలీదనే చెప్పమనేది మా కాన్వెంటు సిస్టర్."

"ఆవిడికేం, చలిలేని గదిలో కూచుని ఎన్నయినా చెప్తాది." మావయ్య తాండ్ర కేసి కాసేపు చూశాడు. "పోనీ లోపల కట్టేద్దామా? పాపం, వణుకుతున్నట్టుంది."

వద్దన్నాను. మావాళ్ళకి గొడ్డు వణికితే లోపల కట్టబుద్ధవుతుంది. వచ్చిన మొదటి ఏడు అలాగే కట్టారు. ఊపిరికి గోడలు చెమర్చి, ఆ చెమ్మకి రొమ్ము పట్టేసి సగం మంద పోయింది. అప్పటినుంచీ చలికాలమంతా అవి బయటే ఉంటాయి. గాలికి అడ్డంగా ఒక గోడ, పొడి నేల, కడుపునిండా గడ్డి ఉంటే వాటికి చాలు.

మావయ్య దేనికి భయపడుతున్నాడో ఇద్దరం పైకి అనలేదు. గజ్జి పట్టిన మందలో జడలు ఊడిపోయి, గొడ్లు నిలబడ్డ చోటే చస్తాయి. ఒక మంద నుంచి ఇంకో మందకి పాకుతుంది. అందుకే కేంద్రం ఒక నియమం పెట్టింది. ఒకే ఉదయం ఒక మందలో ఐదు ఎరుపులు కనిపిస్తే గడ ఇంకెవరినీ అడగదు. దిగువ నుంచి డేగ బయల్దేరుతుంది. అది ఎగిరే యంత్రం, సూదులతో వస్తుంది. డేగ దిగిన మందలో ఒక్కటి కూడా మిగలదు. పోయిన చలికాలం అవతలి లోయలో దిగింది. అక్కడ ఇప్పుడు మనుషులు కూడా లేరు. పాలు లేకుండా ఈ కొండల మీద ఎవరూ ఉండలేరు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ తిరగలి దగ్గర బార్లీ విసురుతోంది. అమ్మ పెరట్లోకి రాదు.

"వేళ్ళు ఎంతదాకా వెళ్తున్నాయి?" అని అడిగింది.

"మొదటి కణుపు."

తిరగలి కొంచెంసేపు ఆగింది. మళ్ళీ తిరిగింది.

గురువారం

పూతరేకు కూడా. నాలుగు.

పొద్దున్నే కేంద్రం నుంచి డాక్టర్ నోర్బు పలకలో పిలిచారు. ఆయన భాష వేరు. మధ్యలో ఉన్న యంత్రం ఆయన మాటల్ని మన మాటలుగా మారుస్తుంది కానీ ఎవరికి మర్యాద ఇవ్వాలో దానికి ఇంకా పట్టుబడలేదు.

"హైమా, నువ్వేనా? తాండ్ర గారు ఎలా ఉన్నారు?"

"మేత బాగానే తింటోందండీ. నెమరు వేస్తోంది."

"పూతరేకు గారి చర్మం చూశావా?"

"చూశానండీ. శుభ్రంగా ఉంది. జడలే అణిగి అంటుకుపోతున్నాయి. ఒకటి గమనించానండీ, ఎర్రబడ్డ నాలుగూ చూడివే."

గరగరలోంచి ఆయన గొంతు మళ్ళీ వచ్చింది.

"విచిత్రం. గజ్జి కడుపు చూసి రాదు. మందలో చూడివి ఇంకా ఎన్ని ఉన్నారు?"

"ఇంకో రెండు. జున్ను, బెల్లం."

"వారిని కనిపెట్టుకుని ఉండు. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. గడ నమ్మదు. ఐదో ఎరుపు పడితే దాన్ని ఆపడం నా చేతిలో లేదు."

"ఐదు కానివ్వనండీ," అన్నాను.

ఆ మాట యంత్రం ఎలా మార్చిందో తెలీదు. నేను మాత్రం మనసులో ఉన్నదే అన్నాను. కారణం లేకుండా ఏ జుట్టూ అణగదు. ఆ కారణం ఈ పెరట్లోనే ఉంది.

శుక్రవారం

జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున ఎరుపులు నాలుగే. జున్ను, బెల్లం రెండింటికీ వేళ్ళు రెండో కణుపు దాకా వెళ్ళాయి. వీపుల మీద మంచు ఉంది. ధైర్యంగా పై మెట్టుకి వెళ్ళి గడ్డి దింపి, మధ్యాహ్నం ఎండ ఉండగానే ఇంటికి వచ్చాను. తొడుగులు పొయ్యి పక్కన పెట్టి జావ తాగుతున్నాను. అమ్మ ఒక తొడుగు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత దాన్ని నా ముందు పెట్టింది.

"వాసన చూడు."

చలిలో దేనికీ వాసన ఉండదు, కరిగిన మంచు తడిలో మొద్దుబారిన వేళ్ళకి జిడ్డూ తెలియలేదు. పొయ్యి సెగకి తొడుగు వెచ్చబడింది. ఆవనూనె, అందులో కాగిన వెల్లుల్లి, వాము. సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు జలుబు చేస్తే పేరంటాలమ్మ మామ్మ నా అరికాళ్ళకి పట్టించే నూనె అది.

జావ అలాగే వదిలేసి మామ్మ ఇంటికి వెళ్ళాను. పేరంటాలమ్మ గారు మాకు చుట్టం కాదు, మూడో మెట్టు అందరికీ మామ్మ. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డనీ ఆవిడే కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది. మంచం మీద బొంత కప్పుకుని కూచుని ఉంది. పక్కన నూనె గిన్నె ఉంది.

"మామ్మా, తాండ్రకి నూనె రాశారా?"

"రాయకపోతే? నువ్వు రాస్తావా? నువ్వు రాసేదంతా కాయితాల మీదే కదే."

"ఎప్పుడు రాశారు?"

"నువ్వు గడ్డికెళ్ళినప్పుడు. చుట్టుపక్కల ఆడాళ్ళం కలిసి ఎండలో కూచోబెట్టి పట్టాం. నీకు చెప్తే పుస్తకం తీసి వద్దంటావని చెప్పలేదు."

"ఎందుకు మామ్మా?"

"ఎందుకేంటే? నెలలు నిండిన గొడ్డు చలికి కర్రలా బిగుసుకుపోతే ఎలా ఈంతాది? మీ అమ్మ పురిటికి ఇక్కడికొస్తే ఎవరు పట్టారనుకున్నావు ఒళ్ళు? పూటపూటా పట్టాను. చేపపిల్లలా జారిపడ్డావు నువ్వు."

మామూలుగా అయితే ఇక్కడ తల ఊపి వచ్చేసేదాన్ని. ఆవిడ ఒంటి మీది బొంత కనిపించింది. దాని అంచు పట్టుకున్నాను.

"మామ్మా, ఈ బొంత మీద ఆ గిన్నెడు నూనె పోస్తాను. రాత్రికి కప్పుకుంటారా?"

"నీకేమైనా పిచ్చా? దూదంతా ముద్దయిపోద్ది. చలి ఆగుద్దా?"

"తాండ్రకి జడలే బొంత."

మామ్మ నూనె మరకలున్న అరచేతులు తిప్పి చూసుకుంది. వాటిని బొంత కింద దాచుకుంది.

"వణుకుతుంటే ఇంకాస్త పట్టమన్నాను," అంది. "మంచు కరుగుతుంటే ఒంట్లో వేడి పుట్టిందని మురిసిపోయాం."

"పోనీలే మామ్మా. ఇక ఆపేద్దాం. నాలుగుతో ఆగుతుంది."

"ఆగదే," అంది మామ్మ. "జున్నుకి ఇప్పుడే పట్టొచ్చాం."

ఐదు.

కిటికీలోంచి చూశాను. శిఖరం మీద ఇంకా ఎండ ఉంది. చీకటి పడేలోపు ఆ జడల్లోంచి నూనె తీసేయాలి. కడగడానికి లేదు, ఈ చలిలో నీళ్ళు తగిలితే గొడ్డు తెల్లారేదాకా బతకదు. అప్పుడు నాకు సిస్టర్ అగాథా గుర్తొచ్చింది. మా కాన్వెంటులో తెల్ల గౌన్లు. ఆరో తరగతిలో పచ్చడి నూనె గౌను మీద ఒలికి నేను ఏడుస్తుంటే ఆవిడ సుద్దముక్క నలిపి మరక మీద అద్దింది. నీళ్ళు తగలనీయకు, పొడి తాగేస్తుంది అంది. ప్రార్థన గంట కొట్టేసరికి మరక లేదు.

"సుద్దపొడి కావాలి మామ్మా. చాలా కావాలి. నూనెని పొడితో తాగించి దువ్వేయొచ్చు."

మామ్మ నన్ను అచ్చం వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"దాన్నే నలుగంటారే కాన్వెంటు పిల్లా! నూనె పట్టాక పిండితో నలుగు పెట్టకుండా ఎవరైనా వదిలేస్తారా? పిండేదీ? మనుషులకే గిద్దలతో కొలిచి పెడుతున్నాడు సూరిబాబు. అందుకే సగంలో ఆపేశాం."

కొట్టు దగ్గర సాయంత్రం పాలు పంచే వేళ. గిన్నెలతో అందరూ ఉన్నారు. మామ్మ నా భుజం పట్టుకుని వచ్చి, చేసిందంతా తానే ముందు చెప్పేసింది. ఎవరూ తిట్టలేదు. నలుగురైదుగురు ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు.

"ఎంత పిండి కావాలి?" అన్నాడు సూరిబాబు మావయ్య.

"రెండు బస్తాలు."

"రెండు బస్తాలే! కనుమ దారి తెరుచుకునేదాకా మనకున్నదే అదమ్మా. గొడ్డుకి రాసేస్తే మనుషులేం తింటారు? గోనెపట్టాలు కప్పేద్దాం, గడకి కనపడకుండా."

"కప్పితే గడకి గొడ్డు కనపడదు. కనపడని గొడ్డుని చచ్చినదాని కింద లెక్కేస్తుంది. అదీ ఎరుపే."

"పిండితో పోద్దని నీకు నమ్మకమేనా?"

"నమ్మకమే."

ఇంతమంది ముందు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా ఆగలేదు. "ఒక్క రాత్రికి నూనె పూర్తిగా పోనక్కర్లేదు మావయ్యా. జడలు విడివడి లేచి నిలబడితే చాలు. రొట్టెలు పలచగా చేసుకుందాం. పాలున్నాయి కదా, వాటితో గడిచిపోతుంది. పాలు పోతే ఈ బస్తాలు మనల్ని ఎన్నాళ్ళు నిలబెడతాయి?"

మావయ్య అవతలి లోయ వైపు ఓసారి చూశాడు.

"నా వంతు రొట్టె నేను మానేస్తానురా. తియ్యి తాళం," అంది మామ్మ.

"మీరు రొట్టె మానేస్తే ఆ నోరు ఊరుకుంటాదాండీ? మమ్మల్ని తినేత్తారు," అని మావయ్య మొలతాడు తడుముకున్నాడు.

మేం పెరటికి వెళ్ళేసరికి గేటు మీద ఒక పెద్ద గిన్నె పెట్టి ఉంది. అమ్మ పొద్దున విసిరిన పిండి. అమ్మ లేదు.

అక్కడినుంచి పెత్తనం మామ్మదే. చల్లటి పిండి నూనె తాగదు, వేపి తెండర్రా అని కేకలేసింది. పెనాలు పెరట్లోకే వచ్చాయి. వెచ్చటి పిండి దోసిళ్ళతో తీసుకుని జడలకి ఎదురుగా, కుదుళ్ళ దాకా రుద్దాం. కాసేపు ఉంచి, చెక్కదువ్వెనలతో దువ్వి దులిపాం. పసుపుపచ్చటి ముద్దలు రాలాయి. మళ్ళీ పిండి, మళ్ళీ దువ్వెన. జున్నుకి నూనె ఇంకా పచ్చిగా ఉంది, తొందరగానే వదిలింది. తాండ్రకి మాత్రం ఐదారు రోజుల నూనె, మీదమీద పట్టినది. దువ్వుతూనే ఆడవాళ్ళు వేళాకోళాలు మొదలుపెట్టారు.

"నా పెళ్ళికి కూడా ఇంత పిండి పెట్టలేదు మా అమ్మ."

"నీ పెళ్ళికి పిండి పెట్టినా ఏం లాభం? ఆ మొగుడు రానే వచ్చాడు."

"ఇదిగో, పూతరేకుకి పిండి రాస్తే ఎక్కడ రాశామో కనపడి చావట్లేదే."

నూనె తగలని గొడ్లన్నీ చుట్టూ చేరి రాలిన పిండి నాకాయి. బెల్లం ఏకంగా జీడి వీపే నాకబోయింది. మామ్మ దాని మూతి మీద ఒక్కటి ఇచ్చింది. వెలుగు పోయేసరికి అందరం తెల్లగా ఉన్నాం. ఐదింటికీ వేళ్ళు పెట్టి చూశాను. నాలుగింటికి చర్మం రెండో కణుపు దగ్గరికి వచ్చింది. తాండ్రకి ఇంకా రాలేదు.

డాక్టర్ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. యంత్రం ఆయన మాటని ఇలా మార్చింది: "నూనెనా? మంచిది. తెల్లవారనీ."

శనివారం

రాత్రి సన్నగా మంచు పడింది. ఇవాళ పలక ముందు చూడలేదు. గోడ దగ్గరికి వెళ్ళాను.

దిబ్బలు, దిబ్బలకి కొమ్ములు. జున్ను తెల్లగా ఉంది. జీడి, కొబ్బరి తెల్లగా ఉన్నాయి. పూతరేకుని చెయ్యి పెట్టి చూడాల్సి వచ్చింది, దాని మీద చేతికి పొడి మంచు తగిలింది. తాండ్ర భుజాల మీద మంచు నిలిచింది. వెన్ను పొడుగునా మాత్రం నల్లటి చార.

అప్పుడు పలక తీశాను. ఇరవై రెండు నీలం, ఒకటి ఎరుపు.

డాక్టర్ నోర్బు గంట కూడా ఆగకుండా పిలిచారు. "తాండ్ర గారికి నా నమస్కారాలు చెప్పు. నువ్వు వెళ్ళి పడుకో," అన్నారు. నేను పడుకోలేదు, తొట్టిలో గడ్డ పగలగొట్టాలి.

సూరిబాబు మావయ్య చేతిలో రొట్టెతో వచ్చాడు. దాన్ని ఎండకేసి పట్టి చూపించాడు. "ఇదిగో, ఇందులోంచి కొండ కనపడతంది. ఆయ్. పలచగా అంటే మరీ ఇంత పలచగానా?" అని, సగం చింపి నాకు పెట్టాడు. మందని లెక్కపెట్టి వెళ్ళాడు.

మామ్మకి ఒక పని అప్పగించాను. ఇక నుంచి చూడిగొడ్లకి రోజూ మధ్యాహ్నం ఎండలో దువ్వెన వేయాలి. పొడి దువ్వెన, నూనె చుక్క తగలకూడదు. "ఒట్టి దువ్వెనతో ఒళ్ళు పట్టడం ఎక్కడి విడ్డూరమే," అని సణిగింది కానీ, అందరికంటే ముందొచ్చి తాండ్ర పక్కన పీట వేసుకుంది.

గేటు చప్పుడైంది. అమ్మ లోపలికి వచ్చింది. మామ్మ దువ్వెన ఆపేసింది. అమ్మ నేరుగా తాండ్ర దగ్గరికి వెళ్ళి, చేతితొడుగు పళ్ళతో లాగేసి, నల్లటి చార పొడుగునా వేళ్ళు దూర్చుకుంటూ పోయింది. తాండ్ర కదలకుండా నిలబడింది.

"తోక దగ్గర రెండో కణుపు వస్తోంది. మూపు దగ్గరే తక్కువ," అంది. "ఇంకో గుప్పెడు పిండి ఉందా?"

ఉందన్నాను. అమ్మ మామ్మ చేతిలోంచి దువ్వెన తీసుకుంది.

డేగ దిగేదాకా, అవతలి లోయ మందని పదకొండేళ్ళు కాసింది మా అమ్మ.